కచేరీకా, పద్యనాటకానికా, స్టాండప్‌కా? దసరా నుంచి శ్రీరామనవమి దాకా కోస్తాలో దేనికి వెళ్ళాలి

దసరా నవరాత్రులు దగ్గరపడ్డాయంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. హైదరాబాద్ నుంచి పిన్ని కూతురు చేసి "అక్కా, నాలుగు రోజులు అటు వస్తున్నాం, అక్కడ చూడదగ్గ ప్రోగ్రాం ఏదైనా ఉందా" అంటుంది. అదే వారంలో ఆఫీసు కుర్రాడొకడు స్టాండప్ కామెడీ షో టికెట్ కొనాలా వద్దా అని అడుగుతాడు, ఇంట్లో అమ్మేమో ఎవరో ఇచ్చిన కచేరీ ఆహ్వానపత్రిక టీవీ పక్కన కనపడేలా నిలబెట్టి ఏమీ అనకుండా ఊరుకుంటుంది. ముగ్గురికీ ఒకే జవాబు చెప్పలేను. అందుకే ఇన్నేళ్ళుగా నోటితో చెబుతున్నదంతా ఒకచోట రాస్తున్నాను.

శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరం వెంట దసరా నుంచి శ్రీరామనవమి దాకా వారానికి రెండు మూడు మంచి కార్యక్రమాలైనా ఏదో ఒక ఊళ్ళో నడుస్తూనే ఉంటాయి, వాటిలో సగానికి పైగా టికెట్ లేనివే. అయినా చాలామంది పోస్టర్ మీద పేరు చూసి, ఆ పేరు పెద్దదైతే వెళ్ళడం, లేకపోతే మానేయడం చేస్తారు. నా అనుభవంలో సాయంత్రం పాడయ్యేది కళాకారుడి వల్ల చాలా తక్కువ, పక్కన తీసుకెళ్ళిన మనిషికి అది నప్పక, లేదా రాత్రి ఇంటికి చేరే దారి లేక పాడవుతుంది. కాబట్టి ముందు ఆ లెక్కలు.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, పక్కన ఎవరు. అరవై దాటిన అమ్మానాన్నలు, ఆరేళ్ళ పిల్ల, తెలుగు సరిగా రాని స్నేహితుడు, కొత్తగా పెళ్ళైన జంట, వీళ్ళలో ఏ ఇద్దరికీ ఒకే కార్యక్రమం సరిపోదు. నలుగురినీ కలిపి తీసుకెళ్ళాల్సి వస్తే వాళ్ళలో ఎవరు తక్కువసేపు కూర్చోగలరో వాళ్ళను బట్టి ఎంచుకోండి, మిగతావాళ్ళు సర్దుకుంటారు.

రెండోది, ఎన్నింటికి మొదలై ఎన్నింటికి అయిపోతుంది. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం ఆరుబయట మైకులు రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి దాకా వాడకూడదు, పండగల వంటి సందర్భాలకు ఏడాదిలో కొన్ని రోజులు మాత్రం అర్ధరాత్రి దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. అందువల్ల పట్నాల్లో బీచ్‌లోనో మైదానంలోనో పెట్టేవి పది దగ్గర ముగుస్తాయనుకోవచ్చు. హాల్లో జరిగేవి ఆహ్వానంలో ఆరింటికని ఉంటుంది, జ్యోతి ప్రజ్వలన, అతిథుల ప్రసంగాలు, శాలువాలు అన్నీ అయ్యాక అసలుది ఏడు దాటాక మొదలవుతుంది. చివరి బస్సు, చివరి రైలు ఆ లెక్కన చూసుకోండి.

మూడోది, ఆరుబయటా, హాలా. మన తీరానికి ఇది చిన్న విషయం కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలం. హుద్‌హుద్ తుపాను విశాఖను ముంచింది 2014 అక్టోబరు 12న, మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న. నేను ఒకసారి నవంబరులో బీచ్ దగ్గర మ్యూజిక్ నైట్‌కి నాలుగు టికెట్లు కొన్నాను. ఆ రోజు మధ్యాహ్నం నుంచే వాన, సాయంత్రం ఐదింటికి రద్దు అని మెసేజ్ వచ్చింది, డబ్బు తిరిగి రావడానికి నెలన్నర పట్టింది. అప్పటి నుంచి నాదొకటే పద్ధతి: సంక్రాంతి ముందు ఆరుబయట దేనికీ ముందుగా టికెట్ కొనను, ఆ నెలల్లో హాలు కార్యక్రమాలే చూస్తాను. జనవరి, ఫిబ్రవరి నెలలు మాత్రం బీచ్‌కి బంగారం లాంటివి, చెమట ఉండదు, వాన భయం ఉండదు.

నాలుగోది డబ్బు. నాటకం, నృత్యం, సంగీతం వంటి వాటికి మనిషికి 500 రూపాయల దాకా టికెట్ మీద జీఎస్టీ లేదు, అది దాటితే 18 శాతం. 600 అని రాసి పన్ను అదనం అన్నారంటే చేతి నుంచి పోయేది 708, దాని మీద యాప్ వాళ్ళ బుకింగ్ ఫీజు వేరే. నలుగురు వెళ్తే ఆ తేడాతో మంచి భోజనం వస్తుంది. కాబట్టి 499 టికెట్టుకూ, దాని పై తరగతికీ మధ్య నిజంగా ఎంత తేడా ఉందో సీట్ల మ్యాప్ చూసి ఆలోచించండి.

చివరిది, ముందస్తు పరిచయం ఎంత కావాలి. స్టాండప్‌కి ఏమీ అక్కర్లేదు. పద్యనాటకానికి కథ తెలిసి ఉంటే చాలు, అది మనందరికీ తెలుసు. కచేరీకి పెద్ద పాండిత్యం కావాలని భయపడతారు గాని అంత అవసరం లేదు, ఎందుకో కింద చెబుతాను.

| ఏది | ఎంతసేపు | టికెట్ | ఎవరికి బాగుంటుంది | ఇబ్బంది |
|---|---|---|---|---|
| కర్ణాటక కచేరీ | 2 నుంచి 3 గంటలు | ఎక్కువగా ఉచితం | పెద్దవాళ్ళు, నిశ్శబ్దం ఇష్టపడేవాళ్ళు | చిన్నపిల్లలు కూర్చోలేరు |
| పద్యనాటకం | సీన్లు అయితే 3 గంటలు, పూర్తిది అయితే రాత్రంతా | ఉచితం లేదా నామమాత్రం | తెలుగు చెవి ఉన్న ఎవరికైనా | ఆలస్యంగా మొదలవడం, నిద్ర |
| పరిషత్తు నాటికలు | ఒక్కోటి గంట, రాత్రికి రెండు మూడు | ఉచితం | కథ, నటన కావాలనుకునేవాళ్ళు | నాణ్యత ఒక్కోటి ఒక్కోలా |
| కూచిపూడి | గంటన్నర నుంచి 2 గంటలు | ఎక్కువగా ఉచితం | పిల్లలు, తెలుగు రాని అతిథులు | స్కూలు వార్షికోత్సవం తరహావి కలిసిపోతాయి |
| హరికథ, బుర్రకథ | 2 గంటలు | ఉచితం | కుటుంబం మొత్తం | పందిట్లో సౌండ్ |
| అవధానం | 3 గంటలు | ఉచితం | భాష మీద ప్రేమ ఉన్నవాళ్ళు | భాష రానివాళ్ళకు కష్టం |
| సినిమా పాటల లైవ్ | 3 గంటలు | వందల నుంచి వేలల్లో | స్నేహితుల గుంపు | రద్దీ, పార్కింగ్, వాన |
| స్టాండప్ | గంట, గంటన్నర | వందల్లో | పాతికేళ్ళ వాళ్ళు, జంటలు | అమ్మానాన్నల పక్కన కూర్చోలేం |

కచేరీ

భాష విషయంలో మనకున్న అదృష్టం ఎవరూ గుర్తుచేసుకోరు. చెన్నైలో డిసెంబరు సీజన్‌లో ఎందరో కూర్చుని వినే త్యాగరాజ కృతుల్లో ఎక్కువ భాగం తెలుగే. అక్కడివాళ్ళు అర్థం పుస్తకంలో చూసుకోవాలి, మనకు చెవిలో పడగానే తెలుస్తుంది. ఒక మనిషి రాముడిని నిలదీస్తున్నాడనో, అలిగాడనో, బతిమాలుతున్నాడనో అర్థమయ్యాక రాగం పేరు తెలియకపోయినా ఫర్వాలేదు. అందుకే మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నా సలహా: పేరు కంటే ఉచ్చారణ చూడండి, యూట్యూబ్‌లో ఐదు నిమిషాలు విని సాహిత్యం స్పష్టంగా పలికేవారి కచేరీకి వెళ్ళండి.

కచేరీ ఎలా నడుస్తుందో కాస్త తెలిస్తే విసుగు రాదు. వర్ణంతో మొదలై, చిన్న కృతులు రెండు మూడు అయ్యాక మధ్యలో పెద్ద కృతి వస్తుంది, దానికి ఆలాపన (మాటల్లేకుండా రాగం పాడటం), నెరవు (ఒకే పాదాన్ని రకరకాలుగా పాడటం), స్వరకల్పన (అప్పటికప్పుడు స్వరాలు అల్లడం) అన్నీ చేస్తారు, ఆ తర్వాత మృదంగం వారు ఒక్కరే వాయించే తని ఆవర్తనం. సరిగ్గా అప్పుడే మన జనం లేచి కాఫీకి పోతారు. దయచేసి పోకండి, తాళం చేత్తో వేస్తూ కూర్చుంటే సాయంత్రం మొత్తంలో పిల్లలకు కూడా నచ్చేది అదే. తని తర్వాత పదాలు, జావళీలు అనే శృంగార గీతాలు, అన్నమయ్య కీర్తనలు, తేలిగ్గా ఉంటాయి. ఆలస్యంగా వచ్చేవాళ్ళు కూడా ఆ చివరి నలభై నిమిషాలకు వస్తే నష్టపోరు.

గాత్రం మీద అంత ఓపిక లేదనుకుంటే వాద్యకచేరీకి వెళ్ళండి. వీణ అయితే మరీ మంచిది. బొబ్బిలి వాళ్ళు ఒకే పనస దుంగను తొలిచి చేసే ఏకండి వీణ మన దగ్గరే పుట్టింది, దాన్ని ఎదురుగా కూర్చుని వినడానికీ రికార్డులో వినడానికీ పోలికే ఉండదు. బాలమురళీకృష్ణ పుట్టిన శంకరగుప్తం, మాండలిన్ శ్రీనివాస్ పుట్టిన పాలకొల్లు, క్షేత్రయ్య మొవ్వ, ఇవన్నీ ఈ తీరంలోవే. పిల్లలకు అది చెప్పి తీసుకెళ్తే వాళ్ళు వినే తీరే వేరుగా ఉంటుంది.

ఎప్పుడు వెళ్ళాలంటే, పుష్య బహుళ పంచమికి, అంటే మామూలుగా జనవరిలో, త్యాగరాజ ఆరాధన దాదాపు ప్రతి పట్నంలోనూ చేస్తారు. ఉదయం పంచరత్న కీర్తనలు బృందంగా పాడతారు, నేర్చుకున్నవాళ్ళు ఎవరైనా గొంతు కలుపుతారు, టికెట్ మాటే ఉండదు. ఒక్కసారే వెళ్ళగలిగితే ఆ ఉదయం వెళ్ళండి. విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో 2023, 2024 డిసెంబరుల్లో కృష్ణవేణి సంగీత నీరాజనం పేరుతో మూడేసి రోజులు కచేరీలు జరిగాయి. డిసెంబరు దగ్గరపడుతుంటే మళ్ళీ ప్రకటించారేమో పేపర్లో చూసుకోండి.

పద్యనాటకం, నేను ఎక్కువసేపు మాట్లాడేది దీని గురించే

ఇది తెలుగువాళ్ళ సొంత కళ. అందుకే ఎవరడిగినా ముందు దీని పేరే చెబుతాను. పాత్రధారి మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్కసారి శ్రుతి అందుకుని పద్యం ఎత్తుకుంటాడు, పద్యం మాటలు అయిపోయాక రాగం మొదలవుతుంది, హార్మోనియం ఆయన వెంట పడుతుంది, ఆ రాగం ఎంతసేపు సాగదీస్తాడా అని జనం ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. నచ్చిందా, ఒన్స్‌మోర్. హరిశ్చంద్రుడు కాటిలో ఏడుస్తూ ఉన్నవాడు లేచి నిలబడి అదే పద్యం మళ్ళీ పాడతాడు, ఎవరికీ తప్పనిపించదు. మధ్యలో మైకులో చదివింపులు చదువుతారు, ఫలానా ఊరి ఫలానా వారు కృష్ణుడి పాత్రధారికి ఐదు వందలు అని. బయటివాళ్ళకు ఇది నాటకం ఆపేసినట్టు కనపడుతుంది గాని, ఆడేవాళ్ళూ చూసేవాళ్ళూ కలిసి చేసే పని ఇది, అలా చూస్తేనే దీని రుచి తెలుస్తుంది.

కాంట్రాక్టు నాటకాల్లో, అంటే ఒక్కో సీనుకి పేరున్న నటుల్ని కుదుర్చుకుని ఆడించే వాటిలో, ఇంకో విశేషం, ఒకే రాత్రి ముగ్గురు కృష్ణులు ఉండొచ్చు. అర్జునుడూ దుర్యోధనుడూ సాయం అడగడానికి వచ్చే పడకసీను కృష్ణుడు ఒకరు, రాయబారం కృష్ణుడు మరొకరు. ఏ సీనుకి ఎవరు పేరు తెచ్చుకుంటే వాళ్ళను ఆ సీనుకి పిలుస్తారు. కరపత్రంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని ఉంటే అది అచ్చుతప్పు కాదు. నిద్ర ఆపుకోలేమనుకుంటే మీకు ఇష్టమైన సీను ఎన్నో వరసలో ఉందో నిర్వాహకుల్ని అడిగి ఆ వేళకే వెళ్ళండి.

ఇక్కడ నిజంగా ఎంచుకోవాల్సింది పూర్తి నాటకమా, సీన్లా అన్నది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి వారి హరిశ్చంద్ర, ఈ రెంటిలోంచి రాయబారం సీను, కాటి సీను విడిగా హాళ్ళలో ఆడతారు, మూడు గంటల్లో ముగించి మరీ పొద్దుపోకుండా ఇంటికి రావచ్చు. కొత్తవాళ్ళు అక్కడ మొదలుపెట్టండి. పూర్తి నాటకం తెల్లవార్లూ కావాలంటే పల్లెల వైపు వెళ్ళాలి, శివరాత్రి జాగారానికి ఇప్పటికీ ఆడిస్తున్న ఊళ్ళు ఉన్నాయి. దానికి తయారై వెళ్ళండి: మంచుకి దుప్పటి, దోమలకు ఏదో ఒకటి, ఫ్లాస్కులో కాఫీ, స్పీకర్ డబ్బాల ఎదురుగా కాకుండా పక్కకు చోటు. మధ్యలో ఒక గంట అక్కడే నడుం వాల్చినా ఎవరూ ఏమీ అనుకోరు, సగం మంది అదే పని చేస్తుంటారు, మంచి పద్యం వచ్చేసరికి అందరూ లేస్తారు.

ఒకటి ఒప్పుకుంటాను, ఇప్పుడు ఆడేవాళ్ళలోనూ చూసేవాళ్ళలోనూ తల నెరిసినవాళ్ళే ఎక్కువ. మంచి రాగం తీయగల గొంతులు తగ్గుతున్నాయి. స్టాండప్ వచ్చే ఏడాదీ ఉంటుంది, సినిమా పాటల నైట్ ఎప్పుడూ ఉంటుంది. రెంటి మధ్య ఊగుతున్నవాళ్ళు ఈ ఏడాది పద్యనాటకానికి వెళ్ళమని నేను పట్టుబట్టి చెప్పేది అందుకే.

పరిషత్తు నాటికలు

పద్యం మీద ఆసక్తి లేదు, మన ఇళ్ళలో జరిగే కథ కావాలి అంటే ఇది. పరిషత్తులంటే నాటక పోటీలు, మూడు నాలుగు రాత్రులు వరసగా, రాత్రికి రెండో మూడో నాటికలు, ఒక్కోటి గంట. రాష్ట్రం నలుమూలల నుంచి సమాజాలు వస్తాయి, ఆడేవాళ్ళలో బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, రైల్వే వాళ్ళు ఉంటారు, పగలు పనిచేసి రాత్రి రిహార్సల్ వేసుకున్నవాళ్ళు. గుంటూరు, తెనాలి ప్రాంతం వీటికి పుట్టిల్లు లాంటిది, పల్లెకోనలో పరుచూరి రఘుబాబు స్మారక పోటీలు ఏళ్ళ తరబడి జరిగాయి. ప్రభుత్వ నంది నాటకోత్సవాలు 2023 డిసెంబరులో గుంటూరులో పెట్టారు.

నాణ్యత విషయంలో నిజం చెప్పాలి. మూడు నాటికల్లో ఒకటి చాలా బాగుంటుంది, ఒకటి ఫర్వాలేదు, ఒకటి వృద్ధాశ్రమం మీదో రైతు మీదో అందరూ ఏడ్చే కథ, కళ్ళు తుడుచుకుంటాం గాని ఇంటికి వచ్చాక గుర్తుండదు. దీనికి విరుగుడు ఉంది. బాగా ఆడే నాటిక ఆ ఏడాది చాలా పరిషత్తులు తిరుగుతుంది, ఒకచోట ఉత్తమ ప్రదర్శన వచ్చిన దాని పేరు రాసి పెట్టుకుంటే తర్వాతి పరిషత్తు మీ ఊరికి దగ్గరలో జరిగినప్పుడు ఆ రాత్రే వెళ్ళొచ్చు. ఆఖరి రాత్రి బహుమతులు, సన్మానాలు, ఉపన్యాసాలు ఉంటాయి, ఒక్క రాత్రే వీలైతే మధ్య రాత్రుల్లో వెళ్ళండి. ముందు వరసల్లో న్యాయనిర్ణేతలు కూర్చుంటారు, వాళ్ళ వెనక రెండో మూడో వరస మంచి చోటు, నటుడి ముఖం కనపడుతుంది, మైకు అందని మాట కూడా వినపడుతుంది.

పద్యనాటకమా, నాటికా అని అడిగితే, చెవి కోసం మొదటిది, కన్నీటి కోసం రెండోది. పదేళ్ళు దాటిన పిల్లలను మాత్రం నాటికలకే తీసుకెళ్ళండి, గంటలో కథ ముగుస్తుంది కాబట్టి కూర్చుంటారు. అంతకంటే చిన్నవాళ్ళైతే సురభి వాళ్ళు మీ వైపు వచ్చేదాకా ఆగండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన కుటుంబ నాటక సమాజం అది. వాళ్ళ వేదిక మీద రథాలు గాల్లో తేలతాయి, వాన కురుస్తుంది, ఘటోత్కచుడు ప్రత్యక్షమవుతాడు. కోస్తాలో డేరా వేశారని తెలిస్తే మిగతావన్నీ పక్కన పెట్టండి.

కూచిపూడి, హరికథ, తోలుబొమ్మలు

తెలుగు రాని అతిథి ఉంటే కూచిపూడికి మించినది లేదు. పళ్ళెం అంచు మీద నిలబడి తరంగం అనే నృత్యం చేస్తుంటే ఏ భాషవాడైనా చూస్తాడు. విడి నృత్యాల కంటే సత్యభామ కథ ఆడే భామాకలాపం వంటి కలాపం ఎక్కడైనా పూర్తిగా ఆడుతుంటే అది ఎంచుకోండి. వేదాంతం సత్యనారాయణ శర్మ వంటి మగవారు సత్యభామగా నిలిచిన సంప్రదాయం అది, మాట, పాట, నటన, నాట్యం నాలుగూ ఉంటాయి. డాన్స్ స్కూలు వార్షికోత్సవాన్ని కూడా నృత్యోత్సవం అనే వేస్తారు, ఆహ్వానంలో నలభై మంది పిల్లల పేర్లు ఉంటే అది తల్లిదండ్రుల సాయంత్రం అని తెలుసుకోండి.

హరికథకు ఆదిభట్ల నారాయణదాసు ఊరైన విజయనగరం వైపు, హరికథా పాఠశాల ఉన్న కపిలేశ్వరపురం వైపు మంచి భాగవతార్లు దొరుకుతారు. ఒక్క మనిషి కాలికి గజ్జె కట్టి, చేత చిరతలు పట్టి, పది పాత్రలు తానే అయి, మధ్యలో పిట్టకథలతో నవ్వించి రెండు గంటలు లాగేస్తారు. అమ్మమ్మ నుంచి మనవరాలి దాకా ఒకేసారి తీసుకెళ్ళాలంటే నా మొదటి ఎంపిక ఇదే, శ్రీరామనవమి పందిళ్ళలో వెతకండి. బుర్రకథ కూడా అంతే, పొన్నెకల్లు షేక్ నాజర్ గారు ఎంతో ఎత్తుకు తీసుకెళ్ళిన కళ, ఎక్కడ కనపడినా ఆగి వినండి. కాకినాడ పక్క మాధవపట్నం తోలుబొమ్మల వాళ్ళ ప్రదర్శన దొరికితే పిల్లలను తెరకు దగ్గరగా కూర్చోబెట్టండి, బంగారక్క, కేతిగాడు వచ్చినప్పుడు వాళ్ళ నవ్వు వినాలి.

నవ్వుకోవాలంటే: స్టాండప్, మిమిక్రీ, అవధానం

స్టాండప్ మన తీరంలో ప్రధానంగా విశాఖ వ్యవహారం, విజయవాడలో కూడా అప్పుడప్పుడు ఉంటుంది. టికెట్ కొనేముందు మూడు చూడండి. ఒకటి భాష, తెలుగా, హిందీయా, ఇంగ్లీషా, మూడూ కలిపా. రెండోది వయసు, పద్దెనిమిది దాటినవాళ్ళకే అని రాసి ఉంటే అది ఊరికే రాసింది కాదు, అత్తగారితో వెళ్ళొద్దు. మూడోది, అది టూర్ షోనా, ఓపెన్ మైకా. ఓపెన్ మైక్‌లో పది మంది కొత్తవాళ్ళు తలా ఐదు నిమిషాలు ప్రయత్నిస్తారు, ఇద్దరు నవ్విస్తారు, డబ్బు తక్కువ. ఎవరి మాటలో మన వీధి, మన హాస్టల్, మన ఆర్టీసీ బస్సు వినపడతాయో వాళ్ళను అక్కడే మొదట పట్టుకోవచ్చు. టూర్ షోలో మాత్రం గంటన్నర ఒకే మనిషి, నవ్వు ఖాయం, ఖర్చు ఎక్కువ. మొదటి వరసలో కూర్చుంటే మీ ఉద్యోగం, మీ పెళ్ళి ఆయన చేతికి వెళ్తాయి. సిగ్గరులు నాలుగో వరస తర్వాత కూర్చోండి.

ఇంట్లో పెద్దవాళ్ళతో కలిసి నవ్వాలంటే మిమిక్రీ, హాస్యవల్లరి కార్యక్రమాలు ఉంటాయి, సంక్రాంతి ఉగాది సంబరాల్లో తప్పకుండా పెడతారు. జోకులు పాతవే వినపడొచ్చు, అయినా పక్కన నాన్న పడీపడీ నవ్వుతుంటే అవి కొత్తగానే ఉంటాయి.

అవధానం ఈ వరసలో ఎందుకు పెట్టానంటే, దాన్ని జనం పండితుల సభ అనుకుని దూరంగా ఉంటారు. ఒక మనిషి చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు అడిగేవాళ్ళు, కూర్చుని ఒకరు పద్యంగా పూరించమని ఒక చిక్కు పాదం ఇస్తారు, ఒకరు నాలుగు సంబంధం లేని మాటలిచ్చి వాటితో పద్యం చెప్పమంటారు, ఒకరు అక్షరం అక్షరానికీ అడ్డం పడుతూ ఇది వాడొద్దంటారు, వీళ్ళందరి మధ్య అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన అడ్డదిడ్డమైన ప్రశ్నలతో ఏకాగ్రత చెడగొట్టడానికి చూస్తాడు. ఆ అప్రస్తుత ప్రసంగానికి అక్కడికక్కడ వచ్చే జవాబులు ఏ స్టాండప్‌కీ తీసిపోవు, రాసుకుని వచ్చినవి కావు. స్టాండప్ ఇష్టపడే మా ఆఫీసు కుర్రాణ్ణి ఒకసారి తీసుకెళ్ళాను, పద్యాలు సగమే అర్థమయ్యాయి, చివరిదాకా కదల్లేదు.

సినిమా పాటల లైవ్

దీని గురించి ఎక్కువ చెప్పను, ఇష్టమైతే మీకే తెలుసు. 2025 ఫిబ్రవరిలో విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో తలసేమియా బాధితుల సాయం కోసం తమన్ చేసిన నైట్ లాంటిది మన ఊళ్ళకు ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. పాట కోసం వెళ్ళేవాళ్ళు మధ్య తరగతి టికెట్ సౌండ్ మిక్సర్ దగ్గరగా ఉండేది కొనండి, అక్కడే శబ్దం సమంగా వినపడుతుంది. గెంతడానికి వెళ్ళేవాళ్ళకు ముందు నిలబడే చోటు. పిల్లలతో, పెద్దవాళ్ళతో వద్దు, బయటకు రావడానికే గంట పడుతుంది. స్థానిక ఆర్కెస్ట్రా వాళ్ళు హాల్లో చేసే ఘంటసాల, బాలు పాటల సాయంత్రాలు అమ్మానాన్నలకు అంతకంటే మంచి కానుక.

ఏ ఊరు, ఎవరికి ఏది

విశాఖలో ఉంటే కళాభారతిలో సంగీతం, నాట్యం, సిరిపురం గురజాడ కళాక్షేత్రంలో పెద్ద కార్యక్రమాలు, పైగా స్టాండప్ కూడా దొరుకుతుంది, వారాంతం రెండు రోజులే ఉన్నవాళ్ళకు అదే సులువు. విజయదశమి తర్వాత మంగళవారం విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం, ఆ రోజుల్లో అక్కడ కార్యక్రమాలు కూడా ఎక్కువ. 1892లో కన్యాశుల్కం మొదటిసారి ఆడిన ఊరు, 1919లో పెట్టిన సంగీత కళాశాల ఉన్న ఊరు, విశాఖ నుంచి ఒక పూటలో వెళ్ళి రావచ్చు. విజయవాడ, గుంటూరు, తెనాలి దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి నాటకం కోసం వచ్చేవాళ్ళు అక్కడ దిగండి, ఒక ఊళ్ళో ఏమీ లేకపోతే ఇంకో ఊళ్ళో ఉంటుంది. గోదావరి జిల్లాల వైపు రాజమహేంద్రవరం ఆనం కళాకేంద్రం, కాకినాడ సూర్యకళామందిరం చూడండి, సంక్రాంతికి పల్లెలకు వెళ్ళండి. నెల్లూరు వాళ్ళకు పురమందిరం.

నాలుగు రోజులకు వచ్చే పిన్ని కూతురి లాంటివాళ్ళకు: ఒక రాత్రి పద్యనాటకం సీన్లు, ఒక సాయంత్రం కూచిపూడి గాని హరికథ గాని, మిగతా రెండు రోజులు సముద్రం. కొత్త జంటకు స్టాండప్ లేదా జనవరి బీచ్ నైట్. అమ్మానాన్నలకు కచేరీ, హాలుకు లిఫ్ట్ ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కుని. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకు పరిషత్తు నాటికలు, రెండో రాత్రికే పక్క కుర్చీ వాళ్ళు పలకరిస్తారు. డబ్బు అసలు పెట్టలేని విద్యార్థులకు పై పట్టికలో ఉచితం అని ఉన్నవన్నీ మీవే.

ఎక్కడ తెలుస్తుంది

టికెట్ ఉన్నవి బుక్‌మైషో, డిస్ట్రిక్ట్ యాప్‌లలో ఊరి పేరు పెడితే వస్తాయి. ఉచితమైనవి వాటిలో ఉండవు, అందుకే లేవనుకుంటాం. పేపరు జిల్లా పేజీలో 'నేటి కార్యక్రమాలు' అని చిన్న అక్షరాల్లో వేస్తారు, అది చూడండి. మీ ఊరి కళాక్షేత్రం బయట బోర్డు ఆ దారిన వెళ్ళినప్పుడల్లా ఫోటో తీసుకోండి. ఒక్క కార్యక్రమానికి వెళ్ళినప్పుడు అక్కడ టేబుల్ దగ్గర పేరు, నంబరు రాసి వస్తే వాళ్ళ వాట్సాప్ గ్రూపులో చేరుస్తారు, ఆ తర్వాత ఆహ్వానాలు వాటంతటవే వస్తాయి. ఏప్రిల్ 16, కందుకూరి వీరేశలింగం జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం. ఆ రోజు చుట్టుపక్కల చాలా ఊళ్ళలో నాటకాలు వేస్తారు, సీజన్ అంతా కుదరనివాళ్ళు ఆ ఒక్క సాయంత్రం ఖాళీ ఉంచుకోండి.